నీళ్లు తాగిన ఎలుకలు

"చూసిన సాక్షి ఉన్నడు. స్టూలు మీద వేలిముద్రలు ఉన్నయ్. ఇంకేం గావాలె మేడం మీకు? చచ్చినోడే లేచొచ్చి చెప్పాల్నా?"

సీఐ యాకయ్య గొంతు స్టేషన్ వరండా దాకా వినబడింది. అక్కడ బెంచీ మీద కూర్చున్న అనీస్ బేగం ఉలిక్కిపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లోపల లాకప్‌లో ఉన్నది ఆమె కొడుకు మజర్. సాయంత్రం నాలుగింటికి అతన్ని హత్య కేసులో మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. అక్కడి నుంచి జైలుకే.

ఇన్‌స్పెక్టర్ మెహనాజ్ ఫైలు మూసి బల్ల మీద పడేసింది. హతుడి తండ్రి పోశయ్య అర్జీ పెట్టుకోవడంతో, కేసు మళ్లీ చూడమని పై అధికారులు ఆమెను క్రైం విభాగం నుంచి పంపారు. పొద్దున వచ్చినప్పటి నుంచి యాకయ్య ఆమెను కూర్చోమని కూడా అనలేదు.

"భానుచందర్ చచ్చిన ల్యాబ్ గది ఊడ్చేది, తుడిచేది మజరే కద సార్. గదిలున్న స్టూలు మీద అతని వేలిముద్రలు లేకుంటే అనుమానపడాలె. ఉంటే కాదు."

"పెండ్లయి నెల గూడ గాలే." కానిస్టేబుళ్లు వినాలనే యాకయ్య గొంతు పెంచాడు. "చేతుల మెహందీ ఇంక పోనేలేదు. ఇంటికాడ మీ ఆయిన ఎదురు చూస్తాంటడు. మీకెందుకు మేడం గీ ఎలుకల కంపు? లేకుంటే మీవాళ్ల పిలగాడని ఫికరా?"

గదిలో ఉన్నవాళ్లంతా తలలు దించుకున్నారు. మెహనాజ్ చేతులు దాచుకోలేదు. రెండు అరచేతులూ అతని బల్ల మీద చాచి పెట్టి ముందుకు వంగింది.

"పోయినేడు నర్సంపేట మార్కెట్ల పత్తి బస్తాల దొంగతనమని మల్లక్కను పట్టుకొచ్చి లోపలేసిన్రు. అసలు దొంగ తర్వాత దొరికిండు. ఆ మల్లక్క గూడ మావాళ్ల పిల్లనేనా సార్?"

యాకయ్య ముఖం కందగడ్డయింది. మెహనాజ్ అతని జవాబు కోసం ఆగకుండా లాకప్ వైపు నడిచింది.

ఫైలులో ఉన్న కథ చిన్నదే. నర్సంపేట రోడ్డులో డాక్టర్ సారంగపాణి నడిపే పరిశోధన కేంద్రం ఉంది. తాగుడు మాన్పించే మందును అక్కడ ఎలుకల మీద పరీక్షిస్తున్నారు. శుక్రవారం రాత్రి, ఆ ఎలుకల గదిలో భానుచందర్ అనే పరిశోధకుడు తల పగిలి చచ్చిపడి ఉన్నాడు. పక్కన ఇనుప స్టూలు. డైరెక్టర్ సారంగపాణే సాక్షి. రాత్రి తొమ్మిది దాటాక అటు వెళ్తే లోపల ఏదో పడిన చప్పుడైందట. తలుపు తీస్తే గదంతా చీకటి. ఫోన్ లైటు వేసి చూస్తే మజర్ ఆయన్ని తోసుకుంటూ పరుగెత్తాడట. మజర్ ల్యాబ్ స్పిరిట్ దొంగతనంగా అమ్ముకుంటుంటే భానుచందర్ పట్టుకున్నాడనీ, అందుకే చంపాడనీ యాకయ్య రాసుకున్నాడు.

మజర్ గోడకు ఆనుకొని కూర్చుని ఉన్నాడు. ఆమె ఇచ్చిన టీ గ్లాసును ఎడమ చేత్తో అందుకున్నాడు. కుడి అరచేయి ఉబ్బి, వేళ్లు ముడవడానికి రావడం లేదు.

"ఎవరు కొట్టిన్రు?"

అతను ఆ చేతిని వెనక్కి దాచుకున్నాడు. మెహనాజ్ ఆ లెక్క తర్వాత తేల్చుకోవాలని మనసులో రాసిపెట్టుకుంది.

"శుక్రవారం ఏం చేసినవో చెప్పు. జర నిదానంగ."

"పొద్దున కేజ్‌లు కడిగిన మేడం. మద్యాన్నం నమాజుకు పోయిన. ఆడికెళ్లి కాజీపేట టేషన్ల మా అక్క ఫర్జానను రైలెక్కియ్య పోయిన. బండి లేటు. సాయంత్రం డ్యూటీకొస్తే డైరెక్టర్ సారు ఎదురుపడి, భాను లోపల పని జేస్తాండు, ఎలుకల గదిలకు పోకు, కుందేళ్ల గది కడుగుమన్నడు. రాత్రి మల్ల ఆయినే పిలిచి, పోయి భానును తీస్కరమ్మన్నడు. పోతే అన్న కింద పడున్నడు. స్టూలు ఆయిన మీదున్నది. తీసి పక్కన పెట్టిన. గంతే. బయటికి ఉరికొస్తే సారు బయటి తలుపు కాడ్నే నిలబడి, చంపినవ్‌రా అని ఒర్లుతాండు. లోపలికే రాలే."

"ఇది సీఐ సారుకు చెప్పినవా?"

"చెప్తాంటేనే కొట్టిన్రు మేడం."

బయటికి వచ్చేసరికి ఆమె ఫోన్‌లో రెండు సందేశాలున్నాయి. ఒకటి, అనీస్ బేగం చెప్పిన మాట మీద పొద్దున్నే ఆమె అడిగిన రైల్వే పోలీసుల నుంచి: శుక్రవారం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగున్నర దాకా మజర్ కాజీపేట ప్లాట్‌ఫాం కెమెరాల్లో ఉన్నాడు, బురఖా వేసుకున్న అమ్మాయి పక్కన, నెత్తి మీద సంచీతో. రెండోది భర్త రయీస్ నుంచి: "బగారా అన్నం వండిన. మాడింది. అయినా రా." ఎంత కోపంలో ఉన్నా ఆమెకు నవ్వాగలేదు. మాడిన అన్నం ఫోటో కూడా పెట్టాడు, ఏదో పతకం గెలిచినట్టు!

"పగలు ఎక్కడుంటే ఏంది?" రైల్వే పోలీసుల సందేశం చూసిన యాకయ్య పెదవి విరిచాడు. "హత్యయింది రాత్రి."

"రాత్రని ఎవరన్నరు?"

"డైరెక్టర్ అన్నడు."

"పోస్టుమార్టం చేసిన డాక్టర్ అనలేదు కద. గదిల ఏసీ ఆగకుండ నడుస్తది కాబట్టి, మద్యాన్నమైనా కావచ్చు, రాత్రయినా కావచ్చన్నడు. పాండ్రి సార్. ఆ గదిల నిలబడి మాట్లాడుకుందం."

"పాండ్రి. మీ తమాషా ఏందో నేనూ చూస్త." యాకయ్య జీపు తాళాలు విసురుగా లాక్కున్నాడు.

పరిశోధన కేంద్రంలో తలుపు తెరిచింది కావ్య. భానుచందర్ దగ్గర పని నేర్చుకుంటున్న విద్యార్థిని. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచి ఉన్నాయి. బయట ఎండ మండిపోతోంది. రెండు తలుపులు దాటి లోపలికి అడుగు పెట్టగానే యాకయ్య దేన్నో తన్నుకుని తూలాడు. గదిలో కటిక చీకటి. మూలన ఒక ఎర్ర బల్బు మాత్రం నిప్పుకణికలా మిణుకుమంటోంది.

"కరెంటు పోయిందా?"

"లేదు సార్. ఇక్కడ పగలు గిట్లనే ఉంటది. ఎలుకలు తిరిగేది, తాగేది చీకట్లనే. మనం పని చేసేది పగలు. అందుకని వాటి రాత్రిని మన పగటికి తెచ్చుకున్నం. ఆ ఎర్ర లైటు వాటికి సరిగ్గ కనపడది."

"మరి రాత్రి?" మెహనాజ్ అడిగింది.

"పొద్దుగూకంగనే టైమర్ లైట్లేస్తది మేడం. తెల్లారేదాక పట్టపగలే. అప్పుడు ఎలుకలు పడుకుంటయ్."

"ఆ రోజు టైమర్ పని చేసిందా?"

"చేసింది. చేయకుంటే నా ఫోనుకు అలారం వస్తది. రాలేదు."

గదిలో ఎలుకల గోళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. మెహనాజ్ యాకయ్య వైపే చూస్తోంది. ఎర్రటి మసక వెలుతురులో అతను, "మరి డైరెక్టర్ చీకటన్నడు గద," అని గొణిగాడు.

"డైరెక్టర్ ఈ గదికి ఎప్పుడెప్పుడు వస్తడు?"

"రానే రాడు మేడం. వాసనంట. ఏడాదికోసారి పెద్దమనుషులకు చూపియ్యనీకె వస్తడు, అది గూడ పగటిపూట."

మెహనాజ్ ఇక ఆ మాట పొడిగించలేదు. కేజ్‌ల వరస వెంట నడిచింది. ప్రతి కేజ్‌కూ రెండు సీసాలు తలకిందులుగా బిగించి ఉన్నాయి.

"ఒకదాంట్ల నీళ్లు. ఒకదాంట్ల నీళ్లు కలిపిన ఆల్కహాల్," కావ్య చెప్పింది. "ఏది ఎంత తాగినయో రోజూ కొలుస్తం. బాగ తాగేటివాటిని వాటిల్ల వాటికే జత గట్టిస్తరు. తాగనివాటిని వాటిల్ల వాటికే. గట్ల తరాల మీద తరాలు. ఇప్పుడు ఆ తాగుబోతు జాతిల పుట్టిన పిల్ల, ఎవ్వలు నేర్పకున్నా ఆల్కహాల్ సీసా కాడికే పోతది. రక్తంలనే ఉన్నది."

"తాగుడు మాన్పే ఆ మందు గోలీ ఇచ్చింది వేటికి?"

"తాగుబోతులకే. గోలీ పొడి దాణాల కలిపినం. గోలీ తిన్నంక ఆల్కహాల్ సీసా ముట్టలే. ఆ ఫలితం చూపిచ్చే డైరెక్టర్ సారు మనుషుల మీద పరీక్షకు పర్మిషన్ అడుగుతాండు."

"తాగుబోతు ఎలుకకు, తాగని ఎలుకకు చూస్తే తేడా తెలుస్తదా?"

"తెల్వది. రెండు తెల్లగనే ఉంటయ్. కేజ్ మీద చీటీ చూసి చెప్తం."

"చీటీ మారిస్తే?"

కావ్య వంగి, అడుగు వరసలో గుడ్డ కప్పి ఉన్న కేజ్‌ను బయటికి లాగింది. లోపల ఎదిగీ ఎదగని ఎలుక పిల్లలు. ఒకటి లేచి కూర్చుని రెండు చేతులతో ముఖం కడుక్కుంటోంది, బడికి ఆలస్యమైన పిల్లలా. మెహనాజ్ ఒక్క క్షణం కేసు మరిచి దాన్ని చూసింది.

"గోలీ తిన్న ఎలుకలకు పుట్టినయ్ మేడం ఇవి. ప్రయోగంల వీటికి పని లేదు. భాను అన్న చాటుగ పెంచిండు. ఎందుకన్నా అని అడిగితే, జర ఆగు అన్నడు. గంతల్నే..."

"గోలీ తల్లి అలవాటును మారుస్తది. పుట్టుకను మారుస్తదా కావ్యా?"

"మార్చది."

"అంటే ఈ పిల్లలు తాగాలె. ఇవి గోలీ తినలేదు. వీటి రక్తం తాగుబోతు రక్తం."

కావ్య చేతులు గబగబా పని చేశాయి. పిల్లల కేజ్‌కు రెండు సీసాలు బిగించింది. పక్కనే, గోలీ ఎరగని తాగుబోతు ఎలుకల పిల్లలున్న మరో కేజ్ తెచ్చి దానికీ రెండు బిగించింది. ముగ్గురూ చీకట్లో నిలబడి చూశారు.

రెండో కేజ్‌లో పిల్లలు ఆల్కహాల్ సీసా కింద ఒకదాన్నొకటి తోసుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. భానుచందర్ పెంచిన పిల్లలు ఆ సీసాను ఒకసారి వాసన చూసి వెనక్కి తిరిగాయి. నీళ్లు తాగాయి. కావ్య సీసాల పక్కలు మార్చింది, కొన్ని ఎలుకలకు ఒక పక్క అలవాటవుతుందని. అవి వెతుక్కుంటూ అవతలి పక్కకు వెళ్లి మరీ నీళ్లే తాగాయి.

"ఇవి తాగుబోతుల పిల్లలు కావు," కావ్య అంది. "వీటి తల్లిదండ్రులు ఎన్నడూ తాగలే. గోలీ మాన్పిచ్చింది ఏం లేదు మేడం. తాగనివాటిని తెచ్చి, తాగుబోతులని చీటీ పెట్టిన్రు."

"ఎవరు తెచ్చిన్రు?"

"మొదటి జట్టు ఏసీ ఆగి చచ్చినయని, కొత్తయి సారే తెప్పిచ్చి, వచ్చిన దినం నుంచే గోలీ పెట్టిచ్చిండు."

"ఎవరమ్మా, నా గురించేనా మాటలు?"

తలుపు దగ్గర డాక్టర్ సారంగపాణి నిలబడి ఉన్నాడు. ముక్కుకు రుమాలు అడ్డం. "యాకయ్య గారూ, మీరుండగా ఈవిడ నా అనుమతి లేకుండా నా ల్యాబ్‌లో ఏం చేస్తోంది? కొత్త పెళ్లికూతురికి ఎలుకలంటే అంత ముచ్చటా?"

మెహనాజ్ గొంతు పెంచలేదు. "ఒక్క సంగతి తేలక వచ్చిన డాక్టర్ గారూ. రాత్రి మీరు తలుపు తీసినప్పుడు గది ఎట్లున్నది?"

"స్టేట్‌మెంట్‌లో ఉంది. చదవడం రాదా?"

"మీ నోటితో వింట."

"చీకటిగా ఉంది."

"ఎంత చీకటి? వెన్నెలంతనా, మసకనా?"

ఆయన విసుగ్గా గది చుట్టూ చెయ్యి తిప్పాడు. "సరిగ్గా ఇప్పుడున్నట్టే! ఆ ఎర్ర లైటు తప్ప ఏమీ లేదు. అందుకే ఫోన్ లైటు వేశాను. చాలా?"

"చాలు."

యాకయ్య మెల్లగా టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "డాక్టర్ సాబ్," అన్నాడు. "రాత్రయితే ఈ గదిల లైట్లు ఎలుగుతయట గద."

రుమాలు పట్టుకున్న చెయ్యి కిందికి జారింది.

"మీరు భానుచందర్ పడిపోవడం చీకట్లనే చూసిన్రు," మెహనాజ్ ఇక ఆపుకోలేదు. "అంటే పగలు. మజర్ కాజీపేట ప్లాట్‌ఫాం మీద అక్క సంచి మోస్తాన్నప్పుడు. మద్యాన్నం మీరే ఈ గదిలకు వచ్చిన్రు. భానుచందర్ ఈ పిల్లల్ని మీకు చూపిచ్చి నిలదీసిండు. స్టూలు చేతికి దొరికింది. తర్వాత ఎవరూ లోపలికి పోకుండ కాపలా గాసి, రాత్రి ఆ పేదోణ్ని పిలిచి శవం మీదికి తోలిన్రు! ఒక్క అబద్ధం చెప్పనీకె గూడ మీ గది ఎట్లుంటదో మీకు తెల్వదు. ఏడేళ్ల సంది వీటి పేరు మీదనే గద మీకు ఈ కార్లు, ఈ సన్మానాలు!"

"గాభరాలో పొరబడి ఉంటాను. కోర్టులో చూసుకుందాం."

"మొదటి జట్టు ఏసీ ఆగి చావలే," ఉన్నట్టుండి కావ్య అంది. "నేను చూసిన. చెవులు, పాదాలు పచ్చగైనయ్. ఒళ్లంతా గీరుకున్నయ్. తిండి మానేసినయ్. లివర్ పోయింది. గోలీ తాగుబోతులకే విషమైంది, అందుకే మీరు తాగనివాటిని తెచ్చిన్రు."

ఎవరో గట్టిగా ఊపిరి పీల్చుకున్న చప్పుడు. యాకయ్య.

"మల్ల చెప్పు బిడ్డా. ఏమైనయ్?"

"పచ్చగైనయ్ సార్."

యాకయ్య తలుపులు తోసుకుని వరండాలోకి నడిచాడు. మెహనాజ్ డైరెక్టర్ మోచేయి పట్టుకుని వెనకే బయటికి లాక్కొచ్చింది. ఎండలో యాకయ్య ముఖం చూసి ఆగిపోయింది. అతని కళ్లలో తెలుపు లేదు. పసుపు కలిపిన నీళ్లలా ఉన్నాయి. కంటి కామెర్లని పొద్దున ఆ గుడ్డి ట్యూబ్‌లైటు కింద, దారిలో అతని నల్ల కళ్లద్దాల వెనక ఆమె గమనించలేదు.

"నాకు గోలీలిచ్చిండు మేడం," అతను నెమ్మదిగా అన్నాడు. "ముప్పై ఏండ్ల తాగుడు నాది. ఈయిన దోస్తానా చేసి, బజార్లకు రాకముందే నీకిస్తాన్న అన్నడు. ఆ గోలీల మొహమాటానికి రోజుకింత తగ్గించుకుంట మొత్తం మానిన. గోలీ మహిమే అనుకున్న. మా ఇంటామె మేడారం పోయి నా ఎత్తు బెల్లం తూచి అమ్మతల్లులకు మొక్కు సమర్పిచ్చింది. ఈ మనిషి నాకు దేవుడనుకున్న. దేవుడు చెప్పిండని ఆ పిలగాని చెయ్యి ఇరగగొట్టిన."

సారంగపాణి రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆయన గొంతులో బెదురు పోయి ఏదో ధీమా వచ్చింది.

"యాకయ్య గారూ, ఆవేశపడకండి. కావ్యకు సగమే తెలుసు. ఆ ఎలుకలు పచ్చబడి చావలేదు. పచ్చబడ్డాయని నేను మందు ఆపించాను. ఆపాక చచ్చాయి. ఎలా ఆపాలో, ఎంతెంత తగ్గించాలో, విరుగుడుగా ఏమివ్వాలో నాకొక్కడికే తెలుసు. మీరు నన్ను లాకప్‌లో పెడితే నాకు మతిమరుపు వస్తుంది. పని కుర్రాడు జైలుకు వెళ్తే మాత్రం నాకు అన్నీ గుర్తుంటాయి."

"నోర్ముయ్!" మెహనాజ్ అరిచింది. ఆమె చెయ్యి లేచింది. యాకయ్య ఆ చెయ్యిని పట్టి ఆపాడు.

అతను ఆమె చెయ్యి వదిలి ఫోన్ తీసి స్టేషన్‌కు కలిపాడు.

"ఆ, నేనే. మజర్‌ను జీపెక్కిచ్చిన్రా? దించుండ్రి. బేడీలు తియ్యుండ్రి. కోర్టుకు పోయేది లేదు, అసలోడు దొరికిండు. ముందుగాల దవాఖానకు తీస్కపోయి చేతికి కట్టు కట్టియ్యుండ్రి. ఎవలు కొట్టిన్రని డాక్టర్ అడిగితే నా పేరు రాయమనుండ్రి." ఒక్క క్షణం ఆగాడు. "వరండాల వాళ్లమ్మ కూసున్నది. ఫోన్ ఆమెకియ్యి."

అవతల అనీస్ బేగం ఏమందో వినబడలేదు. యాకయ్య మాత్రం, "నీ కొడుకు ఏం చెయ్యలేదమ్మా. తప్పు నాది," అని, ఇంకేదో వింటూ తల ఊపి, ఫోన్ పెట్టేశాడు. బెల్టు నుంచి బేడీలు తీసి తన చేతులతోనే సారంగపాణికి వేశాడు.

"చస్తారు మీరు," డైరెక్టర్ పళ్ల బిగువున అన్నాడు.

"సావనీ. నడువు."

జీపు దగ్గర యాకయ్య చొక్కా జేబులోంచి గోలీల పట్టీ తీశాడు. దాంట్లో ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. పొద్దుటి నుంచి ఆ మనిషి మీద దాచుకున్న కోపమంతా ఎక్కడ పెట్టాలో మెహనాజ్‌కు తెలియలేదు. పట్టీ అందుకుని కావ్య చేతిలో పెట్టింది. "దీంట్ల ఏమున్నదో ఎంతసేపట్ల చెప్పగలవ్?"

"తెల్వదు మేడం. హైదరాబాద్ పంపాలె. రేపో, ఎల్లుండో..."

"ఇయ్యాల్టిది నేనింక ఏసుకోలే," యాకయ్య అన్నాడు. స్టీరింగ్ పట్టుకుని ముందుకే చూస్తున్నాడు. "పొద్దుగూకంగ ఏసుకునే అలవాటు. చెప్పుండ్రి మేడం. ఏసుకోవాల్నా, ఆపాల్నా?"

మెహనాజ్ పెద్ద దవాఖానకు ఫోన్ కలిపింది. కావ్య పట్టీని అటూ ఇటూ తిప్పి చూసింది, దాని మీద పేరు కూడా లేదు.

వెనక సీటులో సారంగపాణి బేడీలతోనే మణికట్టు పైకెత్తి, తీరిగ్గా గడియారం చూసుకున్నాడు.